జున్ను తినని మనిషి

మొన్న వేసవిలో హారిక మా ఇంటికి గొడుగు వేసుకుని వచ్చింది. హారిక మా ప్రసాదు కూతురు. ప్రసాదు మా బాబాయి కొడుకు. పిల్ల బెంజ్ సర్కిల్ దగ్గర ఏదో ఆఫీసులో పనిచేస్తూ ఆ పక్క వీధిలోనే ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. ఆటో దిగి మా గుమ్మం ఎక్కడానికి గట్టిగా నాలుగు అంగలుండవు, దానికీ గొడుగే. "ఏమే, ఎండ తగిలితే కరిగిపోతావా?" అన్నాను. "నాన్న ఒట్టు వేయించుకున్నాడు పెదనాన్నా. తాత వడదెబ్బకే పోయాడుగా, మన వంశానికి ఎండ పడదంట" అంది నవ్వుతూ. నాకు అక్కడే ఒళ్ళు మండింది. ఆ వడదెబ్బ అనే మాట మా ఇంట్లో అరవై ఏళ్ళుగా తిరుగుతోంది. తరాలు మారినా ఆ అబద్ధానికి ముసలితనం రాలేదు.

గొడుగు మడుస్తుంటే చూశాను, కుడిచేతి వేలి మీద పసుపు ముద్ద. ఏమైందని అడిగాను. "ఏం లేదు పెదనాన్నా. మా సెల్లార్లో ఎవరో కుక్కపిల్లని వదిలేసి పోయారు. పాపం ఏమీ తినదు, నీళ్ళు తాగదు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఒకటే చొంగ. బొమిక ఇరుక్కుందేమో అని నోట్లో వేలు పెట్టి చూశా. పంటి గీత పడింది, అంతే. సరిగ్గా రక్తం కూడా రాలేదు."

"ఆ కుక్కపిల్ల ఎక్కడుంది?"

"చచ్చిపోయింది పాపం. వాచ్‌మన్ తీసుకెళ్ళి పడేశాడు."

"ఇంజెక్షన్ చేయించుకున్నావా?"

"ఇంత గీతకా? పసుపు పెట్టాగా. ఆఫీసులో పని మెడ మీదుంది, అది అయిపోగానే చూద్దాంలే. మా ఫ్లోర్‌లో ఆంటీ ఎక్కడో పసరు కూడా ఇప్పిస్తానంది."

ఎం.టెక్. చదివిన పిల్ల. చేతిలో ప్రపంచమంతా ఇమిడిన ఫోను. పసరు అంటోంది. చెయ్యి పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి లాక్కుపోయి, సబ్బు పెట్టి, ధార కింద ఉంచి కడగడం మొదలుపెట్టాను. "చాలు పెదనాన్నా, తోలు ఊడొస్తది" అంటున్నా వదల్లేదు. కడుగుతూనే చెప్పాను. అప్పుడు కోపంలో గబగబా చెప్పిందే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. ఎవరి పరువో పోతుందని దాచిపెట్టిన సంగతులు చివరికి ఎవరి ప్రాణం మీదికి తెస్తాయో తెలియాలి కదా.

మాది మైలవరం దగ్గర పల్లె. నాన్న నా పసితనంలోనే పోతే బాబాయి నన్ను పెంచాడు. వెంకటరత్నం ఆయన పేరు. పొడుగ్గా, సన్నగా, చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతూ ఉండేవాడు. ఆ చేతుల వల్లే ఆయనకు ఊళ్ళో పేరు. మా వైపు మామిడి తోటలెక్కువ. వేసవి వచ్చిందంటే ఇంటింటా మామిడి కాయల సొన వాసన, ఆవపిండి ఘాటు, గొడ్ల సావిట్లో పులిసిన కుడితి కంపు, అన్నీ కలిసి ఒకే వాసనగా ముక్కుకి తగిలేవి. తిన్న పళ్ళ తొక్కలూ టెంకలూ అన్నీ కుడితి తొట్టిలోకే పోయేవి. ఏ గేదో ఆబగా మింగి గొంతులో టెంక ఇరికించుకునేది. చొంగ కారుస్తూ, మెడ సాచి గుటకలు వేస్తుంటే ఇంటివాళ్ళు పరుగెత్తుకు వచ్చేవాళ్ళు. "రత్నం బాబూ, మా గేదెకి టెంక పడింది" అని. బాబాయి అన్నం ముందు నుంచయినా లేచి వెళ్ళేవాడు. దవడల మధ్య కర్రముక్క అడ్డంగా పెట్టి, ఇంకొకర్ని కొమ్ములు పట్టుకోమని, మోచేతి దాకా గొంతులోకి దూర్చి టెంక పట్టుకుని లాగేవాడు. బయటికి తీశాక టెంకని అందరికీ చూపించి, "ఇదిగో మీ రసం కాయ" అని నవ్వేవాడు. ఊళ్ళో సగం గేదెలు ఆ చేతి మీదుగా బతికినవే.

నేను ఆరో తరగతితో బడి మానేసి, కాస్త పెద్దయ్యాక బెజవాడ గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ కొట్లో పెట్టెలు కట్టే పనిలో చేరాను. నా కాలేజీ అదే. మందు పెట్టెల్లో మడతపెట్టి ఉండే సన్నక్షరాల కాగితాలు ఉంటాయే, ఎవరూ చదవనివి, అవి నా పాఠ్యపుస్తకాలు. అర్థం కాని మాటకి కొట్టుకి వచ్చే కాంపౌండర్లని వేధించి అర్థం చెప్పించుకునేవాణ్ణి. క్రిమి అంటే ఏమిటి, కంటికి కనపడని క్రిముల్లోనే మరీ సూక్ష్మమైన వైరస్ అంటే ఏమిటి, అది ఒంట్లోకి ఏ దారిన వస్తుంది, ఇవన్నీ నేను అలా దిద్దుకున్నవే. దారి అన్నది ముఖ్యం. రోగానికి పేరు కన్నా దారి ముఖ్యం. ఈ ముక్క మా వాళ్ళకి అప్పుడూ ఎక్కలేదు, ఇప్పుడూ ఎక్కలేదు.

నేను ఆ కొట్లో ఉండగానే ఒక ఏడు వేసవిలో ఊళ్ళో మా ఇంటి గేదె ఈనింది. గేదె ఈనితే వీధి వీధంతా జున్ను పంచడం మా వైపు ఆచారం. బెల్లం, మిరియాల పొడి కలిపి ఆవిరి మీద వండి, ముక్కలు కోసి ఇంటికో గిన్నె పంపాలి. గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. చిటికెడు పంచదారో గుప్పెడు బియ్యమో వేసి ఇచ్చేవాళ్ళు. పిన్ని రోజంతా పొయ్యి దగ్గరే ఉండి వండి పంపింది. ఇంట్లో జున్ను ముట్టని మనిషి ఒక్కడే, బాబాయి. ఆ వాసన ఆయనకి చిన్నప్పటి నుంచీ పడదు. గిన్నె దగ్గరికి తెస్తేనే ముక్కు మూసుకుని వసారాలోకి పోయేవాడు.

తరవాత కొద్ది రోజులకే గేదె మేత మానేసింది. చొంగ, గుటకలు, గొంతు జీరపోయిన అరుపు. బాబాయి తండ్రి, మా తాతయ్య, అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ, చూడకుండానే తీర్పు చెప్పాడు. "టెంక పడి ఉంటుందిరా రత్నం, చెయ్యి పెట్టి చూడు." బాబాయి చూశాడు. అంతకు ముందు రోజే తోటకి తుమ్మకంప దడి కట్టి ఉన్నాడు, ఆ రెండు చేతులూ గీరుకుపోయి ఉన్నాయి. ఆ చేతినే గొంతులోకి పెట్టాడు. ఏమీ దొరకలేదు. మళ్ళీ పెట్టాడు. సాయంత్రం మళ్ళీ. మర్నాడు గేదె గుంజకేసి తల బాదుకోవడం మొదలుపెడితే అప్పుడు మైలవరం పశువుల ఆస్పత్రి నుంచి డాక్టరుని పిలిచారు. ఆయన దూరం నుంచే చూసి, "ఈమధ్య దీన్ని కుక్కేమన్నా కరిచిందా?" అని అడిగాడు. కరిచింది. గట్టు మీద మేస్తుంటే ఏదో కుక్క పడి కరిచిందని అందరికీ అప్పుడు గుర్తొచ్చింది. "ఇది పిచ్చికుక్క కాటు రోగం. దీని నోరు ముట్టుకున్నవాళ్ళు వెంటనే బెజవాడ వెళ్ళి సూదులు వేయించుకోవాలి" అని ఆయన స్పష్టంగానే చెప్పి వెళ్ళాడు. గేదె చచ్చిపోయింది.

డాక్టరు చెప్పింది నోరు ముట్టుకున్నవాళ్ళని. మా తాతయ్య అరుగు దాటి వీధి చివరికి చేరేసరికి అది జున్ను తిన్నవాళ్ళని అయింది. విషం అంటే మా వాళ్ళ లెక్కలో కడుపులోకి పోవాల్సిందే. చేతి మీది గీరుడులోంచి చావు లోపలికి వస్తుందని ఎవరికీ తట్టదు. వీధంతా గొల్లుమంది. మర్నాడు పొద్దున్నే బస్సు నిండా జనం బెజవాడ వచ్చి నా కొట్టు ముందు దిగారు. పులిహోర మూటలు, మంచినీళ్ళ మరచెంబులు, చంకలో పిల్లలు. తిరునాళ్ళకి వచ్చినట్టుంది. నేనే ఆస్పత్రికి నడిపించుకుపోయాను. అక్కడ డాక్టరు గారు ఒక్కొక్కళ్ళనీ అడుగుతుంటే, మా వీధి చివరి ఇంటి అచ్చమ్మ ముందుకు తోసుకొచ్చింది. "అయ్యా, నేను రెండు గిన్నెలు తిన్నానండి. ఒకటి మా కోడలిది. నాకు రెండు రెట్లు పొడవండి."

"పచ్చివి తాగారామ్మా, వండుకుని తిన్నారా?"

"ఓయమ్మో, పచ్చి జున్నుపాలు ఎవరు తాగుతారండి? ఆవిరి పట్టే తిన్నాం."

"అయితే ఇంటికి వెళ్ళండి. మీకేమీ కాదు. ఆ గేదె నోట్లో చెయ్యి పెట్టినవాళ్ళెవరు?"

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "ఆయన రాలేదండి" అంది అచ్చమ్మ. "ఆయన జున్ను తినడండి."

డాక్టరు గారు కలం బల్ల మీద విసిరికొట్టారు. "రావలసినవాణ్ణి ఇంట్లో పెట్టి ఊరంతా వచ్చారా!" ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మధ్యాహ్నం బస్సుకే ఊరికి పోయాను. బాబాయి తోటలో కాయ కోయిస్తున్నాడు. చెట్ల కింద సొన వాసన, గడ్డి పరిచిన గంపలు. "బాబాయ్, లే, పద" అన్నాను. ఆయన నవ్వాడు. "నేను జున్ను ముట్టనుగా, నాకెందుకురా సూదులు?" జున్ను కాదు బాబాయ్, చొంగ, చేతికున్న గీరుళ్ళు, అని కాగితాల్లో చదివిందంతా అప్పజెప్పాను. ఓపిగ్గానే విన్నాడు. "ఒరేయ్, ఇన్నేళ్ళుగా ఎన్ని గేదెల గొంతుల్లో చెయ్యి పెట్టాను? ఏమైంది నాకు? బొడ్డు చుట్టూ అన్ని సూదులు పొడిస్తే పొట్ట వాచిపోతదంట. ఇంక చెట్టెట్టా ఎక్కుతాను? కాయ కోత అయిపోనీ. లారీ వెళ్ళిన మర్నాడు నీ వెంట వస్తా, సరేనా?"

ఇంటికొచ్చి తాతయ్యతో పోట్లాడాను. ఆయన చుట్ట నోట్లోంచి తీయకుండానే అన్నాడు, "పెట్టెలు కట్టేవాడివి, నువ్వు కూడా డాక్టరువయ్యావట్రా? పసరు పోయించాంలే." పక్క ఊళ్ళో ఒకాయన పోస్తాడట. దానికి పథ్యం ఉంది. నూనె వద్దు, చేప వద్దు, వంకాయ వద్దు. బాబాయి ఆ పథ్యం ఎంత నిష్ఠగా చేశాడంటే, వంకాయ కూర వండిన ఇంట్లో మజ్జిగ కూడా పుచ్చుకోలేదు. ఆకు పసరు మీద ఉన్న ఆ నమ్మకంలో వీసమెత్తు సూది మీద ఉంటే సరిపోయేది. నేను ఆ రోజు అరిచాను, ఏడ్చాను, తాతయ్య చేత చెంపదెబ్బ తిన్నాను. చివరికి పిన్ని వచ్చి, "పెద్దాయనకి ఎదురు చెప్పకురా నాయనా, నీకు దణ్ణం పెడతా" అంటే తిరుగు బస్సెక్కాను.

లారీ వెళ్ళింది. ఇంకో తోట కోతకి వచ్చింది. తరవాత నాట్లకి నీళ్ళ పనులు, వానలు వెనకబడి ఎండ ఇంకా మండుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ, "బాగానే ఉన్నాగా, చూడు" అనేవాడు. ఈ రోగం చేసే మోసమే అది. అన్ని వ్యాధులూ వచ్చాక మందేస్తాం. దీనికి రాకముందే వేయాలి. వచ్చాక భూమ్మీద వైద్యం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదనే అనుకోవాలి.

ఒకనాడు చెయ్యి తిమ్మిరెక్కిందన్నాడట. మర్నాడు జ్వరం. ఎండలో పనిచేసి వచ్చాడు గనక తాతయ్య అరుగు మీదనుంచి మళ్ళీ తీర్పు చెప్పాడు, వడదెబ్బ అని. వడదెబ్బకి ఏం చేస్తారు? నీళ్ళు పడతారు, విసురుతారు. నీళ్ళు చూస్తేనే గొంతు బిగుసుకుపోయే మనిషికి, గాలి సోకితేనే ఒళ్ళంతా విలవిల్లాడే మనిషికి, నలుగురు పట్టుకుని చెంబుతో నీళ్ళు పట్టారు. ఇద్దరు చెరోవైపు విసనకర్రలతో విసిరారు. ప్రేమతోనే. ఆ ప్రేమని తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. బుడమేరు వరదలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదిన మనిషి, చెంబెడు నీళ్ళు చూసి గోడకి అంటుకుపోయాడు. కబురు తెలిసి నేను వెళ్ళి, ఆ చెంబులు విసిరికొట్టి, లారీలో పడుకోబెట్టి బెజవాడ తీసుకొచ్చాను. డాక్టరు గారు ఒక్కసారి చూసి, నన్ను పక్కకు పిలిచి, "ఈయనేనా జున్ను తినని మనిషి?" అని అడిగారు. ఇంకేమీ అడగలేదు.

బాబాయి పోయాడు. కర్మ రోజున తాతయ్య అందరినీ కూర్చోబెట్టి, "వడదెబ్బకి పోయాడు, అంతే. పిచ్చి అన్న మాట ఈ గడప దాటితే రేపు మన పిల్లలకి సంబంధాలు రావు. ఈ ఇంట్లో పిచ్చి ఉందంటారు" అన్నాడు. పిచ్చి ఎవరికి? కుక్కకి వచ్చిన రోగాన్ని వంశానికి అంటగడతారా ఎవరన్నా? నేను లేచి, "కాదు తాతయ్యా, జనానికి చెప్పాలి. చెప్తే ఇంకొకడు బతుకుతాడు" అన్నాను. నన్ను బయటికి పంపించారు. ఆ తరవాత ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని తద్దినాల్లో నోరు విప్పబోతే ఎవరో ఒకరు కాలు తొక్కారో లెక్కలేదు. అబద్ధానికి అంత ఐకమత్యం, నిజానికి నేనొక్కణ్ణి.

ఇప్పుడు మారిపోయిందంటారు. ఏం మారింది? ఆ మధ్య కోళ్ళకి బర్డ్ ఫ్లూ అన్నారు. జనమంతా ఉడికించిన గుడ్డు కూడా ముట్టుకోవడం మానేశారు. చచ్చిన కోళ్ళని ఉత్త చేతుల్తో గోతాల్లో కుక్కి కాలవలో పడేసినవాళ్ళ గురించి ఎవడైనా అడిగాడా? కరోనాలో కూరగాయల్ని సబ్బుతో కడిగి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని పక్కింటి ఫంక్షన్‌కి పోయి వచ్చినవాళ్ళని నేనెరుగుదును. ఈ హారిక వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో వీధి కుక్కలకి అన్నం పెట్టేవాళ్ళూ పెట్టొద్దనేవాళ్ళూ రెండు వర్గాలై రోజూ ఫోన్లలో యుద్ధం చేసుకుంటారట. వాటికి టీకా వేయించారా అని ఇటువాళ్ళూ అడగరు, అటువాళ్ళూ అడగరు. నోట్లోకి పోయేదంటే భయం. చేతికి అంటింది కళ్ళకి కనపడదు. ఆనాడు బొడ్డు చుట్టూ పొడిచే సూదులంటే భయపడ్డారు, సరే, అది నిజంగానే నరకం. ఇప్పుడు చీమ కుట్టినట్టు భుజానికి వేస్తారు, సర్కారు ఆస్పత్రిలో ఊరికే వేస్తారు. ఇప్పుడేం అడ్డం? ఆఫీసు పనట!

ఇదంతా కుళాయి దగ్గర చెప్పాను. హారిక నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. "నేనూ అలాగే వేలు పెట్టానుగా పెదనాన్నా" అంది, ఎవరికీ వినపడకూడదన్నట్టు. వెంటనే ఆటో పిలిచాను. గొడుగు మా ఇంట్లోనే మర్చిపోయింది.

ఆస్పత్రిలో గాయం చుట్టూ మందు ఎక్కించారు, భుజానికి సూది వేశారు, మళ్ళీ ఎప్పుడెప్పుడు రావాలో చెప్పి, ఒక్కటి కూడా మానొద్దన్నారు. సమయానికే వచ్చారన్నారు. ఆ మాట విన్నాకే బెంచీ మీద కూర్చున్నాను. ఈలోపు పిల్ల ఫోన్ తీసి, అందరూ వింటుండగానే, "నాన్నా, తాత వడదెబ్బకి పోలేదంట" అంది. ప్రసాదు ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. తరవాత ఫోన్ నాకిమ్మన్నాడు. "అన్నయ్యా, పిల్లకి ఇవేం కథలు చెప్పావు?" అన్నాడు.

"చెప్పకపోతే దానికి పసరు పోయించేవాళ్ళురా!" అని అరిచాను. వరసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

సాయంత్రానికల్లా, మేమింకా ఆస్పత్రిలో ఉండగానే, ప్రసాదు మైలవరం నుంచి వచ్చాడు. అరవై దాటినవాడు, బాబాయిలాగే పొడుగ్గా, సన్నగా. కూతురి చేతిని తిప్పి తిప్పి చూశాడు. కాసేపు వరండాలో పచార్లు చేసి, చివరికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నాకు నాన్న గురించి గుర్తున్నది ఒక్కటే అన్నయ్యా. నేను మంచం దగ్గరికి పోతే కళ్ళెర్రజేసి, 'ఈడ్చి అవతల పారేయండి వీణ్ణి' అని అరిచాడు. ఎంత వడదెబ్బ తగిలినా కొడుకంటే ఇష్టం ఉండదా అనుకునేవాణ్ణి. ఎవర్నీ అడగలేదు."

నాలుగేళ్ళ పిల్లాడు మోసిన మాట అది. అరవై ఏళ్ళు మోశాడు. వంశం పరువు కోసం తాతయ్య కప్పిపెట్టిన మూటలో ఇదీ ఉందని నాకప్పటిదాకా తెలియదు. నా కోపం అంతవరకూ చచ్చినవాడి తరఫునే. బతికినవాడికి జరిగిన అన్యాయం నా ఎదురుగా అప్పుడు వచ్చి కూర్చుంది.

"ఒరేయ్, నీకు సగమే గుర్తుంది. నేనక్కడే ఉన్నాను" అన్నాను. "మంచానికి ఆ పక్కన పట్టుకుని నిలబడ్డది నేనే. నిన్ను బయటికి తీసుకుపోయాక, లారీ వచ్చేలోపు ఆయన నా చొక్కా పట్టుకుని, 'నా నోటి తడి వాడికి తగిలిందేమో చూడరా, ఒళ్ళు కడిగించు, వాణ్ణి బెజవాడ తీసుకుపోయి సూదులు వేయించు' అన్నాడు. నువ్వు చెప్పిందే నిజంరా అన్నాడు నాతో. తన విషయంలో వినని మాట నీ విషయంలో విన్నాడు. నీకు సూదులు వేయించాను. నీకు గుర్తు లేదా? పొట్ట పట్టుకుని ఏడుస్తూ గవర్నర్‌పేట అంతా తిరిగావు నా భుజమ్మీద."

ప్రసాదు తన పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. "అవి అమ్మ వేరే జ్వరానికన్నది" అన్నాడు. హారిక తండ్రి భుజం మీద తల ఆనించింది. లోపల ఎవరి పిల్లాడో సూదికి కేకలు పెడుతున్నాడు.

"ఇంకా ఏమన్నాడు అన్నయ్యా?" అని అడిగాడు ప్రసాదు.

మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. ఈసారి నన్ను ఎవరూ ఆపలేదు.